టబ్బులో తాబేలు పిల్లలు

ఆమె గైడు పనిలో చేరి పదకొండేళ్లయింది. దీవిలో వ్యాన్లు నడిపే డ్రైవర్లందరికీ ఆమె మైకమ్మ. కూరలో ఉప్పెక్కువైందని చెప్పినా మైకులో చెప్పినట్టే ఉంటుందని ఆ పేరు మొదట పెట్టింది ఆమె మొగుడే. ఆయన హోటళ్లలో ఏసీలు బాగుచేస్తాడు. ఆమె ఎక్కే వ్యానుకి డ్రైవరు ఆయన తమ్ముడు, అంటే ఆమెకి సొంత మరిది. పొద్దున ఏడున్నరకి హోటళ్ల ముందు జనాన్ని ఎక్కించుకోవడం, మూడు గుళ్లూ రెండు బీచులూ చూపించడం, చీకటి పడేలోపు ఎక్కడివాళ్లని అక్కడ దించెయ్యడం. ఇదీ పని. టికెట్టు మీద 'ఒక్క రోజులో దీవంతా' అని రాసి ఉంటుంది.

ఈమధ్య ఆమెకి ఆ పనంటే వెగటు పుట్టింది. అది వ్యాను తలుపు తియ్యగానే మొదలయ్యేది. ఎండకి రాసుకునే క్రీములు, తడి తువ్వాళ్లు, ఎప్పుడో ఎవరో వెనక సీటు కింద కక్కితే ఫినాయిలు పోసి కడిగిన మ్యాటు, అన్నీ కలిసి ఒక తియ్యటి కుళ్లు వాసన. మరిదికి అది తెలిసేదే కాదు. "ఏం వాసన వదినా? నాకేం రావట్లేదే" అనేవాడు.

ఆ రోజు ఏడుగురు ఎక్కారు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి. భార్యనీ ఇద్దరాడపిల్లల్నీ వెంటేసుకొచ్చిన ఒక పెద్దమనిషి, ఆయన చేతిలో ఫోను బిగించిన పొడుగాటి కర్ర. చివరి సీట్లో ఒంటరిగా ఒక ముసలావిడ, నల్లగొడుగు. ఎక్కగానే, "అమ్మాయ్, దారిలో ఎక్కడైనా ఒక పావుగంట ఊరికే కూర్చోనిస్తావా, లేకపోతే రోజంతా పరుగేనా?" అని అడిగింది. మైకమ్మకి నవ్వొచ్చింది. పదకొండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది.

మొదటి గుడి కొండ మీద. రెండొందల మెట్లు. మెట్ల పక్క గడ్డిలో నీళ్ల సీసాలు, మొహం తుడుచుకుని పారేసిన తడి కాగితాలు. ద్వారం దగ్గరున్న రాతి ఏనుగు తొండం కింద ఎవరెవరో నమిలి అంటించిన బబుల్‌గమ్ముల్లో పళ్ల గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. పెద్దమనిషి తన చిన్నకూతుర్ని ఆ ఏనుగు మీదకి ఎక్కించి కర్ర చాచాడు. "ఎక్కకూడదండీ" అంది మైకమ్మ. "ఒక్క ఫోటో" అన్నాడాయన. ఒకటి తీశాక పెద్దకూతుర్ని ఎక్కించాడు. ఆ తర్వాత భార్యని కూడా ఎక్కమన్నాడు గానీ ఆవిడ సిగ్గుపడింది.

లోపల మూలన నిలువెత్తు రాయి ఒకటుంది. భార్యాభర్తలు చెయ్యీ చెయ్యీ కలిపి ఆ రాయిని ముట్టుకుంటే జన్మలో విడిపోరని మైకమ్మ చెప్తుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. పనిలో చేరిన రెండో ఏడు, వాన కురుస్తుంటే జనాన్ని లోపల నిలబెట్టడానికి ఆమే అప్పటికప్పుడు అల్లిన కథ. మర్నాటికి మిగతా గైడ్లు అందుకున్నారు. ఇప్పుడు ఆ గుడి పూజారే భక్తిగా కళ్లు మూసుకుని చెప్తాడు. వేలమంది చేతుల జిడ్డు పట్టి ఆ రాయి నడుం ఎత్తున నల్లగా, వంటింటి గోడలా తయారైంది. కొత్త జంట ముట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నిలబడ్డారు. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మైకమ్మ మొహం తిప్పుకుంది. ఆ జిడ్డు తన నాలుక మీద ఉన్నట్టనిపించింది.

రెండో గుడి, మొదటి బీచు, మధ్యాహ్నం భోజనం, అన్నీ గడియారం ప్రకారం నడిచిపోయాయి. భోజనాల హోటల్లో గిన్నెల మీద మూతలుండవు, ఈగలుంటాయి. మైకమ్మ అక్కడెప్పుడూ తినదు. గొడుగావిడ కూడా తినలేదు. ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చుని అరటిపళ్లు ఒలుచుకున్నారు. ఆవిడ పశువుల డాక్టరు దగ్గర ముప్పయ్యేళ్లు పని చేసి ఈమధ్యే మానుకుందట. "జబ్బుపడ్డ గేదె కూడా తన మందం తింటుందమ్మా. మనుషులు చూడు, టికెట్టులో ఉందని తింటారు" అంది లోపలికి చూస్తూ. పెద్దమనిషి మూడో పళ్లెం నింపుకుంటున్నాడు.

మూడింటికి రెండో బీచుకి చేరారు. జనం ఈ టూరుకి వచ్చేది దీని కోసమే. ఇసక మీద ఒక పాక, పాకలో రెండు నీలం ప్లాస్టిక్ టబ్బులు, వాటినిండా అప్పుడే గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్లలు. వచ్చినవాళ్లకి తలా ఒక కొబ్బరిచిప్పలో ఒక్కో పిల్లని పెట్టిస్తారు. వాళ్లు దాన్ని అలల దగ్గరికి తీసుకెళ్లి సముద్రంలోకి వదులుతారు. అది బుడిబుడి పాకుతూ నీళ్లలో కలిసిపోతుంటే చప్పట్లు కొడతారు. పని మీద ఎంత విసుగు పుట్టినా ఈ ఒక్క గంట మాత్రం మైకమ్మకి ప్రాణం లేచొచ్చేది. "ఇవి ఈరోజు పొద్దున్నే పుట్టాయి. పక్షుల వాత పడకుండా కాపాడి మీ చేతుల్లో పెడుతున్నాం. ముప్పయ్యేళ్లకి ఇదే ఒడ్డుకి తిరిగొచ్చి గుడ్లు పెడతాయి" అని మైకులో చెప్తుంటే ఆమె గొంతు నిజంగానే వణికేది. మిగతావన్నీ అబద్ధాలైనా ఇది నిజమనుకునేది.

పాక చూసుకునే మనిషికి యాభై దాటాయి. ఆయన్ని అందరూ టబ్బులాయన అంటారు. ఆ రోజు ఆయన కొత్త జంట చేత ఒకదాన్ని వదిలించి, పెద్దమనిషి కుటుంబానికి చిప్పలు పంచుతున్నాడు. మైకమ్మ సాయం చేద్దామని ముసలావిడ కోసం టబ్బులోంచి ఒక పిల్లని తీసింది. దాని వీపు మీద గులాబీరంగు చుక్క ఉంది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రెండురోజుల కిందట వచ్చిన గుంపులో పదేళ్ల పిల్ల ఒకతె, 'ఇది నాది' అని గుర్తుకోసం గోళ్లరంగుతో తాబేలు వీపు మీద చుక్క పెట్టింది. మైకమ్మ ఆ పిల్లని గట్టిగా కసిరి, రంగు ఆరకముందే తుడవబోయింది. పూర్తిగా పోలేదు, ఒక పక్కకి తోకలా సాగింది. అప్పుడామె తన చేత్తోనే ఆ తాబేలుని అలల్లో వదిలింది. ఇప్పుడు అదే చుక్క, అదే తోక.

టబ్బులోకి వంగి చూసింది. అన్నేళ్లుగా ఆమె పై వరస పిల్లల్నే చూసింది. చెయ్యి అడుగుదాకా పోనిస్తే వేళ్లకి జిగురు తగిలింది. నీళ్లు పచ్చగా, చిక్కగా, ఉచ్చ కంపు కొడుతున్నాయి. అడుగున మెత్తగా ఏదో ఉంది. పైకి తీస్తే చచ్చిన పిల్ల, పొట్ట ఉబ్బి, ఒక కన్ను తెల్లబడి. దాని కింద ఇంకోటి. ఇంకోదానికి ముందు రెక్క లేదు, పక్కవి కొరికేసినట్టున్నాయి.

"బాబాయ్, ఇవి ఈరోజు పుట్టినవేనా?" అని అడిగింది.

"మరి? పొద్దున్నే" అన్నాడు టబ్బులాయన, తలెత్తకుండా.

"ఇది ఎల్లుండికి మూడోసారి పుడుతుందా?" అని ఆ చుక్కని ఆయన ముక్కు ముందు పెట్టింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. "మెల్లిగామ్మా. జనం ఉన్నారు. వీళ్లెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు. తప్పు చేస్తూ దొరికిన మనిషి మొహంలా లేదది. మూత సరిగ్గా పెట్టని గిన్నె గురించి చెప్పినట్టు ఉంది.

మైకమ్మ సముద్రం వైపు చూసింది. ఒడ్డు నుంచి ఇరవై అడుగుల్లో రెండు గుంజలు పాతి ఉన్నాయి, వాటికి ఎర్రజెండాలు. 'లోతుంది, ఆ జెండాలు దాటి వెళ్లకండి' అని రోజూ మైకులో చెప్పేది ఆమే. ఎవరో చెప్పమన్నారు, చెప్పేది.

చెప్పులు విప్పి నీళ్లలోకి నడిచింది. చీర తడిసి కాళ్లకి చుట్టుకుంది. నడుంలోతు దిగాక పొట్టకి ఏదో తగిలింది. చేత్తో తడిమితే నైలాన్ వల, సన్నటి కళ్లది. ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా, అడుగు నుంచి పై దాకా. వలనిండా తాబేలు పిల్లలు. అరగంట ముందు వేరే వ్యానువాళ్లు చప్పట్లు కొట్టి సాగనంపినవి. కొన్ని ఇంకా రెక్కలాడిస్తున్నాయి. కొన్నిటి మెడల్లోకి దారం దిగిపోయింది. ఒకటి ఆమె వేలు పట్టుకుని వదల్లేదు.

ఆమెకి మొదట కోపం రాలేదు. రోత పుట్టింది. తన నోరు తనకే రోతగా అనిపించింది. ముప్పయ్యేళ్లకి తిరిగొస్తాయని చెప్పిన నోరు. అవి ముప్పయ్యడుగులు కూడా వెళ్లలేదు.

"వదినా! ఏంటిది? బయటికి రా, అందరూ చూస్తున్నారు!" మరిది ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి వచ్చాడు.

"చూడనీ. నీకు తెలుసా ఇది?"

వాడు ఒడ్డు వైపు చూశాడు. "ముందు బయటికి రా."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు. డ్రైవర్లందరికీ తెలుసు. మూడేళ్ల నుంచి గుడ్లు దొరకట్లేదు వదినా. రోజుకి ఎనిమిది వ్యాన్లు వస్తాయి, అన్ని పిల్లలెక్కణ్ణుంచి తెస్తారు? వారానికోసారి కొత్తవి తెస్తారు, జనం లేనప్పుడు వలలోంచి తీసి మళ్లీ వాటినే తిప్పుతారు."

"మీ అన్నకి తెలుసా?"

"అన్నకి తెలీదు. ఒట్టు."

"మరి నాకెందుకు చెప్పలేదురా? ఒకే వ్యాన్లో తిరుగుతున్నాం కదా, ఒకే ఇంట్లో తింటున్నాం కదా!"

వాడు నసిగాడు. "టూరు ఓనరు చెప్పొద్దన్నాడు. నీకు తెలిస్తే మైకులో ఆ గొంతు రాదన్నాడు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. మూడేళ్లుగా ప్రతి మధ్యాహ్నం తను మనసారా చెప్పిన మాటల్ని, వీళ్లు పాక మూలన ఉన్న నీలం టబ్బులాగే, ఒక సామానులాగా వాడుకున్నారు. పైగా అది బాగా పనిచేసే సామాను అని జాగ్రత్తగా చూసుకున్నారు కూడా.

ఆమె వల పట్టుకుని లాగింది. తెగలేదు, వేళ్లు కోసుకున్నాయి. పంటితో కొరికింది. నోట్లో ఉప్పు, పాచి, చేపల నీచు. "వదినా, నీకేమైనా పిచ్చా" అని మరిది భుజం పట్టుకుంటే విదిలించుకుంది.

"అలా తెగదమ్మాయ్" అని వెనకనుంచి గొంతు వినిపించింది. గొడుగావిడ గొడుగు ఒడ్డున పడేసి, చీర మోకాళ్ల పైకి దోపుకుని నీళ్లలోకి వస్తోంది. చేతిలో మందులసంచీలో పెట్టుకునే చిన్న కత్తెర. "నువ్వు వల సాగదీసి పట్టుకో. మెడలు చూసుకుంటూ కొయ్యాలి."

ఇద్దరూ కోశారు. ముసలావిడ చేతులు ఆ పనికే పుట్టినట్టు కదిలాయి. ఒక్కో పిల్లనీ దారంలోంచి విడిపించి, తిప్పి చూసి, గుంజల అవతలికి వదిలింది. చచ్చినవాటిని కొంగులో వేసుకుంది. "వీటిలో సగం బతకవు. ఒంట్లో ఉన్న శక్తంతా పుట్టిన మొదటి రెండురోజులు ఈదడానికే. దాన్ని టబ్బులో ఖర్చు పెట్టించారు" అంది.

ఒడ్డున అందరూ నిలబడి ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. ఒక్కరు కూడా నీళ్లలోకి దిగలేదు.

వల సగానికి పైగా తెగాక మైకమ్మ బయటికొచ్చి ఒక టబ్బు పట్టుకుని ఈడ్చింది. టబ్బులాయన అడ్డం వచ్చాడు. "దీని మీద నాలుగు కుటుంబాలు బతుకుతున్నాయమ్మా!" అన్నాడు. ఆమె చచ్చిన పిల్లని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఏం చెయ్యాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

అప్పుడు పెద్దమనిషి ముందుకొచ్చాడు. సాయానికి వస్తున్నాడనుకుంది మైకమ్మ.

"మేడమ్, అన్నీ తీసుకెళ్లిపోకండి. మా పిల్లలింకా వదల్లేదు. రెండుంచండి" అన్నాడు.

ఆమె నమ్మలేనట్టు చూసింది. ఆయన ఆగకుండా టబ్బులో చెయ్యి పెట్టి, చురుగ్గా ఉన్నవాటిని ఏరి, కూతుళ్ల చిప్పల్లో వేశాడు. కర్ర చాచాడు. "నవ్వండమ్మా!" పెద్దపిల్ల నవ్వింది. చిన్నపిల్ల మాత్రం చిప్పని మైకమ్మ చేతికిచ్చేసి వాళ్లమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది.

"ఇంతకీ మాది వెళ్లిందా లేదా?" అని అడిగింది పెళ్లికూతురు. "మేం దానికి పేరు కూడా పెట్టాం."

టబ్బులు రెండూ గుంజల అవతల ఖాళీ చేసేసరికి నాలుగున్నరయింది. గులాబీ చుక్క పిల్ల కాస్త ఈది, వెల్లకిలా తిరిగి, మళ్లీ ఈదింది. అలల్లో ఎటుపోయిందో కనిపించలేదు.

అందరూ వ్యాను ఎక్కారు. మైకమ్మ ఒంటి నుంచి నీచు వాసన వస్తోంది. పెళ్లికూతురు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. పెద్దమనిషి గొంతు సవరించుకుని, "మూడో గుడి ఉందిగా?" అన్నాడు.

"ఉంది సార్" అన్నాడు మరిది.

మైకమ్మ మైకు తీసుకుంది. "మూడో గుడికి వెళ్తున్నాం. దాని గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు. పాతది, అందంగా ఉంటుంది. మిగతాదంతా మేం కల్పించింది. పొద్దున మీరు ముట్టుకున్న రాయి కథ నేనే కల్పించాను. ఆరోజు వాన పడుతోంది, అంతే."

"అదేంటండీ! మేం ముట్టుకున్నాం కదా!" అని అరిచింది పెళ్లికూతురు. పెళ్లికొడుకు తన అరచేయి చూసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. పెద్దమనిషి డబ్బు వాపసు సంగతి ఎత్తాడు. వెనక సీట్లోంచి గొడుగావిడ, "ఇంతసేపటికి ఒక పనికొచ్చే ముక్క విన్నాం, దానికి కూడా ఏడుపేనా?" అంది. మైకమ్మ మైకు ఆపి ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

ఇంటికెళ్లేలోపే ఓనరు ఫోన్ చేశాడు. తిట్టలేదు. అదే ఆమెకి ఎక్కువ రోత పుట్టించింది. "తప్పు నాదేనమ్మా, నీకు చెప్పుండాల్సింది. రెండురోజులు రెస్టు తీసుకో. కావాలంటే తాబేళ్ల దగ్గర నువ్వు మాట్లాడొద్దు, రికార్డు చేసిన నీ గొంతే వేస్తాం" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. ఆ రోజు మూడుసార్లు స్నానం చేసింది. మొగుడు జరిగిందంతా విని, "వాడికి తెలుసా?" అని ఒక్కటే అడిగాడు. తెలుసంది. ఆయన లేచి వెళ్లి బాల్కనీలో తమ్ముడి బట్టలు ఆరేసిన తీగ మీంచి తన బట్టలు తీసేసుకున్నాడు. నెల తిరక్కుండా మరిది వేరే గది చూసుకున్నాడు.

జంతువుల్ని కాపాడే ఆఫీసుకి వెళ్లి మైకమ్మ ఫిర్యాదు రాసిచ్చింది. అక్కడి అధికారి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, శ్రద్ధగా విన్నాడు. రెండు వారాల తర్వాత ఆయన ఫోటో పేపర్లో వచ్చింది. అదే బీచు, అదే పాక. కొబ్బరిచిప్పలో తాబేలు పిల్లని పెట్టుకుని నవ్వుతున్నాడు. వెనకాల అవే గుంజలు, కొత్త జెండాలు. పేపరుని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసి, చేతులు సబ్బుతో కడుక్కుంది.

గొడుగావిడ మాత్రం పట్టు వదల్లేదు. ఊరెళ్లాక చచ్చిన పిల్లల ఫోటోలతో కనపడ్డ ప్రతి ఆఫీసుకీ ఉత్తరాలు రాసింది. అయిదు నెలలకి ఎక్కడో ఎవరికో చీమ కుట్టింది. పై నుంచి మనుషులొచ్చి పాక పీకేసి, ఒడ్డంతా కంచె వేశారు. ఆవిడ ఫోన్ చేసి చెప్తే మైకమ్మ సంతోషపడింది. కానీ ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

అప్పటికామె పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో చేరింది. అక్కడ ఎవరికీ కథలు చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్లు నోరు తెరిస్తే లోపలున్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

ఒకరోజు పొద్దున్నే మరిది వచ్చాడు. దవడ వాచి, కన్ను సగం మూసుకుపోయి. ఎనిమిది నెలల తర్వాత అదే మొదటిసారి చూడటం.

"ఎన్నాళ్లయింది నొప్పి మొదలై?"

"మూడు వారాలు వదినా."

"మూడు వారాలు ఏం చేశావు?"

"భరించాను."

పేరు రాసుకుంది. వాడు కుర్చీ అంచు మీద కూర్చుని, అడక్కుండానే చెప్పాడు. "తాబేళ్లు పోయాయిగా. వచ్చే వారం నుంచి సీతాకోకచిలుకలట. అట్టపెట్టెల్లో పెట్టి ఇస్తే, జనం మూత తీసి వదలాలి. పెట్టెలు నా వ్యాన్లోనే పెడుతున్నారు. నిన్న ఒకటి తెరిచి చూశాను. సగం చచ్చే ఉన్నాయి, రెక్కల పొడి రాలి..." ఆగాడు. "నిజంగానే వాసనొస్తుంది వదినా వ్యాన్లో. ఇన్నాళ్లూ నాకెందుకు తెలియలేదో."

వరసలో నలుగురున్నా మైకమ్మ వాణ్ణి ముందు లోపలికి పంపింది.

అరగంటకి పన్ను పీకించుకుని, బుగ్గలో దూది కుక్కుకుని బయటికొచ్చాడు. జేబులోంచి ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. "ఓవలుకి వువ్వే చెప్పు వజివా. వేపట్నుంచి వావని" అన్నాడు. ఓనరుకి నువ్వే చెప్పు వదినా, రేపట్నుంచి రానని.

ఆమెకి ఒక్క క్షణం నవ్వాగలేదు. తర్వాత ఫోను వాడి వైపు జరిపింది.

"నీ మాట నువ్వే చెప్పుకో. గంట తర్వాత దూది తీస్తారు. అందాకా ఇక్కడే కూర్చో."

వాడు ఫోను ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ, గంటసేపూ అక్కడే కూర్చున్నాడు.